హంటర్డన్ కౌంటీ పాత ఇనుప ట్రస్ వంతెనలు: బోర్డు మీద 5 టన్నులు ఎందుకు, వంతెనని నిలబెట్టుకోవచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: న్యూజెర్సీలో హంటర్డన్ కౌంటీకి మారారు. ఇంటికెళ్లే దారిలో వాగు మీద ఒకే లైను ఇనుప వంతెన ఉంది, పక్కన 5 టన్నుల బోర్డు. కౌంటీ వాళ్లు దాన్ని తీసేసి కాంక్రీటుది కడతారని ఊళ్లో అనుకుంటున్నారు. అది ఏ రకం, ఎంత పాతది, మీ ఎస్‌యూవీ దాని మీద వెళ్లొచ్చా, కాపాడమనే అర్జీ మీద సంతకం పెట్టాలా?

ముందు తేలిక ప్రశ్న. మీ బండి మనుషులతో సహా సాధారణంగా మూడు టన్నుల లోపే ఉంటుంది (ఇక్కడ టన్ను అంటే 2,000 పౌండ్లు), నిశ్చింతగా వెళ్లండి. 3 టన్నులు కూడా మోయలేని వంతెనని అమెరికాలో తెరిచి ఉంచకూడదు, మూసేయాల్సిందే. 5 టన్నుల బోర్డుతో ఇబ్బంది పడేది స్కూలు బస్సు, ఫైరింజన్, ప్రొపేన్ ట్యాంకరు. కౌంటీ ఇంజినీరు కొత్త వంతెన అంటున్నాడంటే చాలావరకు ఆ మూడింటి గురించే.

ఇక రకం. రాజమండ్రి రోడ్డు కమ్ రైలు వంతెన మీద రైల్లో వెళ్లినవాళ్లకి కిటికీ పక్క నుంచి వెనక్కి పరిగెత్తే ఏటవాలు ఉక్కు కమ్మీలు గుర్తుంటాయి. అదీ ట్రస్సే. సూత్రం ఒక్కటే: కమ్మీలని త్రికోణాలుగా అమర్చి, ఒక్కో కమ్మీని అయితే లాగుడుకి, లేకపోతే నొక్కుడుకి పనిచేయిస్తారు. పై అంచున పోయేది టాప్ కార్డ్, కింది అంచున పోయేది బాటమ్ కార్డ్. బండి ఎక్కితే పైది నొక్కుకుంటుంది, కిందిది సాగుతుంది. మధ్యలో నిలువు కమ్మీలు, ఏటవాలు కమ్మీలు.

ఆ ఏటవాలు కమ్మీలు ఎటు వాలాయో చూడండి. వంతెన మధ్యకి వచ్చేకొద్దీ కిందికి దిగుతుంటే, అవి సన్నగా ఉండి నిలువు కమ్మీలు లావుగా ఉంటే అది ప్రాట్. 1844లో పేటెంటైన డిజైను. సన్నవి లాగుడుకి, లావువి నొక్కుడుకి. హంటర్డన్‌లో మీకు ఎక్కువగా కనిపించేది ఇదే. వాలు ఒకసారి అటు ఒకసారి ఇటు మారుతూ ఇంగ్లీషు డబుల్యూ ఆకారంలో పోతే వారెన్. 1931లో డెలావేర్ నది మీద కట్టిన ఫ్రెంచ్‌టౌన్ వంతెన అలాంటిదే. ప్రాట్‌లో ఒక చోట కొత్తవాళ్లు తప్పకుండా పొరబడతారు: రెండు చివర్లా ఉండే ఏటవాలు స్తంభాలు మిగతావాటికి ఎదురుగా వాలి, లావుగా ఉంటాయి. అవి నొక్కుడు స్తంభాలు, వాటిని లెక్కలోంచి తీసేసి మధ్యవి చూడండి. మధ్య గడిలో (గడి అంటే రెండు నిలువు కమ్మీల మధ్య భాగం) రెండు సన్న రాడ్లు ఎక్స్ ఆకారంలో దాటుకుంటూ కనిపిస్తే అవి కౌంటర్లు. బండి ఒక పక్క ఉన్నప్పుడు బలం తిరగబడుతుంది, దానికోసం పెట్టినవి.

తల మీద అడ్డ కమ్మీలు లేకుండా రెండు పక్కలా గోడల్లా నిలబడ్డది పోనీ ట్రస్. తల మీద కూడా కట్టి సొరంగంలా ఉంటే త్రూ ట్రస్. దాదాపు వంద అడుగుల లోపు స్పాన్లకి (ఒక ఆధారం నుంచి ఇంకో ఆధారం దాకా దూరం) పోనీ సరిపోయేది కాబట్టి వాగుల మీద అవే ఎక్కువ. పోనీకి ఒక బలహీనత ఉంది: టాప్ కార్డ్ పక్కకి వంగిపోకుండా పైన పట్టుకునేది ఏదీ లేదు. అడ్డ దూలం, నిలువు కమ్మీ కలిసే మూల ఎంత గట్టిగా ఉంటే అంతే దాని రక్షణ. ఆ మూలలో తుప్పు పట్టిందంటే పైన ఉన్న కమ్మీకి ప్రమాదం.

వయసు చెప్పడానికి బిల్డరు పేరుపలక కోసం చివరి స్తంభాల మీద, త్రూ ట్రస్ అయితే ఎంట్రెన్సు పైన చూడండి. చాలాచోట్ల పలక పోయి నాలుగు ఖాళీ బోల్టు రంధ్రాలే మిగులుతాయి. అప్పుడు దూలాల నడుం మీద ఉబ్బెత్తు అక్షరాలు వెతకండి: కార్నెగీ, పెన్‌కాయిడ్, కేంబ్రియా లాంటి మిల్లు పేర్లు దొరుకుతాయి. కానీ మిల్లు పేరు చెప్పేది ఆ దూలం వయసే. దూలాలు తర్వాత మార్చి ఉండొచ్చు. కీళ్ల దగ్గర పిన్నులు గుచ్చి ఉంటే సాధారణంగా పంతొమ్మిదో శతాబ్దం లేదా ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లు. కీలు దగ్గర పెద్ద రేకు పెట్టి రివెట్లు కొట్టి ఉంటే తర్వాతది, ఎందుకంటే గాలి ఒత్తిడితో నడిచే రివెట్ సుత్తులు వాగు ఒడ్డుకి తెచ్చుకోగలిగాకే సైటులో రివెటింగ్ తేలికైంది.

మీ కౌంటీకి ఒక ప్రత్యేకత ఉంది, అమెరికాలో చాలా కౌంటీలకి లేనిది. పోత ఇనుము (అచ్చులో పోసింది), చేత ఇనుము (కొట్టి సాగదీసింది) కలిపి కట్టిన ట్రస్సులు ఇక్కడ ఇంకా నిలబడి ఉన్నాయి. ట్రెంటన్ ఇంజినీరు ఫ్రాన్సిస్ లోథార్ప్ డిజైనుతో, లాంబర్ట్‌విల్‌లోని కౌవిన్ కార్ఖానాలో తయారైనవి: మస్కనెట్‌కాంగ్ నది మీద న్యూ హాంప్టన్ (1868), గ్లెన్ గార్డ్‌నర్‌లో స్కూల్ స్ట్రీట్ (1870), క్లింటన్‌లో మెయిన్ స్ట్రీట్ (1870). రెడ్ మిల్ దగ్గర ఫొటో దిగిన తెలుగువాళ్లందరూ ఆ మూడోదాని మీదుగానో పక్కనుంచో నడిచినవాళ్లే, ఎవరూ దానివైపు చూసి ఉండరు. నొక్కుడుకి పోత ఇనుము, లాగుడుకి చేత ఇనుము అనేది ఆ కాలపు తెలివైన పంపకం. పోత ఇనుము నొక్కితే గట్టిది, లాగితేనో కొడితేనో పెంకులా పగులుతుంది. 1876 డిసెంబరు 29న ఒహాయోలో ఆష్టబ్యూలా రైలు వంతెన కూలి 90 మందికి పైగా చనిపోయాక, పోత ఇనుప భాగంలో పగులు బయటపడ్డాక, ఆ పదార్థం మీద నమ్మకం సడలింది. కాబట్టి మీ వంతెన ప్రధాన కమ్మీలు పోత ఇనుమైతే అది దాదాపుగా 1880కి ముందుది, అలాంటిదాని విలువ వేరు. ఎలా తెలుస్తుంది? పోత కమ్మీల మీద అచ్చు కలిసిన సన్నటి గీత, గుండ్రటి మూలలు, అలంకారపు గుబ్బలు ఉంటాయి, రివెట్లు ఉండవు. రేకులు, కోణాలు కలిపి రివెట్లు కొట్టిన పెట్టెలాంటి కమ్మీ అయితే అది పోత ఇనుము కాదు.

ఇప్పుడు అసలు సంగతి, 5 టన్నులు. "వంద దాటిన వంతెన, వయసైపోయింది" అనే మాట వినీ వినీ విసుగొస్తుంది. ఇనుము వయసు వల్ల బలహీనపడదు. దాని మీద ఏం మోపారు, ఎక్కడ ఎంత తుప్పు తినేసింది, ఏ కమ్మీ తన వాటా మోయడం మానేసింది అనే మూడే లెక్క. ఒక నమూనా లెక్క చూపిస్తాను. కొలతలు నేను అనుకున్నవి, కానీ ఇలాంటి వంతెనలకి దగ్గరగా ఉండేవే.

80 అడుగుల పోనీ ప్రాట్, 16 అడుగుల గడులు అయిదు, ఎత్తు 8 అడుగులు, రోడ్డు వెడల్పు 12 అడుగులు. చెక్క పలకలతో కలిపి సొంత బరువు ఒక్కో ట్రస్‌కి అడుగుకి 400 పౌండ్లు. మధ్య గడిలో బాటమ్ కార్డ్ అంటే రెండు ఐబార్లు, అంటే చివర్లలో కన్నం ఉన్న పట్టీ కమ్మీలు, ఒక్కోటి 3 అంగుళాల వెడల్పు, 1 అంగుళం మందం. మొత్తం 6 చదరపు అంగుళాలు. ఈ కొలతలకి లెక్క వేస్తే, ట్రస్ మీద అడుగుకి ఎన్ని పౌండ్లు పెడితే దానికి 96 రెట్ల లాగుడు ఆ రెండు బార్ల మీద పడుతుంది. కట్టిననాడు ప్రజల బరువు అడుగుకి 500 అనుకుంటే మొత్తం 900, లాగుడు 86,400 పౌండ్లు, చదరపు అంగుళానికి 14,400. పరీక్ష చేయని చేత ఇనుముకి, 1905కి ముందటి తెలియని ఉక్కుకి లెక్కల్లో పట్టు బలం, అంటే ఇనుము తిరిగి రాకుండా సాగడం మొదలయ్యే స్థాయి, 26,000 అని తీసుకుంటారు. రోజువారీ వాడకానికి అందులో 55 శాతం, అంటే 14,300. దాదాపు అచ్చంగా సరిపోయింది. పాతవాళ్లు అంచనా వేసుకునే కట్టారు.

ఇప్పుడు కాలం చేసిన పనులు కలపండి. రోడ్డు గుంతలు పడ్డప్పుడల్లా తారు మీద తారు పోశారు, 3 అంగుళాలైంది. అంగుళం తారు చదరపు అడుగుకి 12 పౌండ్లు. 80 ఇంటూ 12 అడుగుల మీద 3 అంగుళాలంటే 34,560 పౌండ్లు, 17 టన్నులకి పైమాటే. ఒక్క బండీ ఎక్కకముందే వంతెన దాదాపు నిండు స్కూలు బస్సంత బరువు ఇరవై నాలుగు గంటలూ మోస్తోంది. ఒక్కో బారు మందం తుప్పుతో 1/8 అంగుళం తగ్గిందనుకోండి, 6 చదరపు అంగుళాలు 5.25 అయ్యాయి. సొంత బరువు, తారు కలిపే 11,260కి చేరింది. 14,300లో మిగిలింది 3,000 చిల్లర. దాన్ని వెనక్కి లెక్కిస్తే వంతెనంతా సమంగా పరిచిన 13 టన్నులు. లారీ సమంగా పరుచుకోదు, మధ్యలో ఒక చోట నిలబడితే అదే బరువుకి రెట్టింపు ప్రభావం, కాబట్టి ఆరున్నర టన్నులు. కదిలే బండి కుదుపుకి ఈ పొడవుకి ఇంకో 24 శాతం కలపాలి. తేలింది: 5 టన్నుల పైచిలుకు. మీ బోర్డు మీది అంకె.

ఆ తారు గీకేసి చూడండి. అదే తుప్పు, అవే బార్లు, అదే సూత్రం, 12 టన్నులు దాటుతుంది. అందుకే ఎవరైనా పాత ట్రస్ గురించి అడిగితే నేను మొదట అడిగేది తారు మందం. రోడ్డు చివర, పలకల అంచు దగ్గర స్కేలు పెడితే తెలిసిపోతుంది.

ఈ లెక్క బాటమ్ కార్డ్ ఒక్కదానికే. నిజానికి బోర్డు మీది అంకెని నిర్ణయించేది చాలాసార్లు వేరే కమ్మీ: అడ్డ దూలం, దాని మీద పొడుగ్గా పరిచిన స్ట్రింగర్లు, లేదా చివరి నుంచి మొదటి నిలువు కమ్మీ. ఈ చివరిదాన్ని హ్యాంగర్ అంటారు. ప్రాట్‌లో మిగతా నిలువువి నొక్కుడుకైతే ఇది మాత్రం అడ్డ దూలాన్ని వేలాడదీసి పట్టుకుంటుంది. దాటే ప్రతి ఇరుసు బరువూ దాదాపు పూర్తిగా దీని మీద పడి దిగుతుంది, మధ్య కమ్మీల్లా పంచుకునే వీలు లేదు. సన్నగా ఉంటుంది, మెలికపెట్టిన చివర పిన్ను చుట్టూ ఉంటుంది. తుప్పూ అలసటా మొదట కనిపించేది అక్కడే.

తుప్పు ఎక్కడ చూడాలి? మధ్యలో నున్నగా కనిపించే కమ్మీని చూసి మురిసిపోకండి. కింది కీళ్ల దగ్గరకి రండి. ఒక పిన్ను, దాని మీద ఇటు రెండు ఐబార్లు, అటు రెండు, ఏటవాలు కమ్మీల చెవులు (కన్నమున్న చివరలు), దూలాన్ని పట్టిన హ్యాంగరు, అన్నీ అంగుళం సందు లేకుండా ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. ఆ గుత్తి మీద ఆకులు, ఇసుక, చలికాలం ఉప్పు పేరుకుంటాయి. తడి ఆరదు. బయటి ముఖం మీద రంగు బాగానే ఉంటుంది, చెవుల మధ్య ముఖాలు లోపల్లోపల తినేస్తుంటాయి. తుప్పుకి ఇనుము కంటే ఎన్నో రెట్లు చోటు కావాలి, రేకుల మధ్య పడితే రేకుల్ని ఉబ్బించి రివెట్ తలలు తెంపేస్తుంది. వైర్ బ్రష్‌తో గీకి, అల్ట్రాసోనిక్ గేజి పెట్టి కొలిచిన మందమే మందం. రంగు మీద నుంచి వెర్నియర్ పెట్టి తీసిన కొలతలు రిపోర్టుల్లో కనిపిస్తే నమ్మకండి.

రెండోది, జంట బార్లలో సోమరి బారు. రెండు ఐబార్లు చెరిసగం మోయాలి. పిన్ను రంధ్రం అరిగో, పాత రిపేరులో పొడవు తేడా వచ్చో ఒకటి వదులైతే రెండోది మొత్తం భరిస్తుంది. మన నమూనాలో 86,400లో 70 శాతం ఒకే బారు మీద పడితే, అది కొత్త మందంతో ఉన్నా సరే చదరపు అంగుళానికి 20,000 దాటుతుంది. ఎప్పుడో ఒకసారికి అనుమతించే గరిష్ఠ పరిమితి కూడా 19,500 మాత్రమే. ఇన్‌స్పెక్టర్లు బార్లని చేత్తో పట్టి ఊపి చూస్తారు, గట్టిగా చేసేవాళ్లు కొట్టి కంపనం కొలిచి రెండు బార్లలో లాగుడు పోలుస్తారు. మధ్య గడిలో కౌంటర్ రాడ్లు వదులుగా ఊగితే మాత్రం కంగారుపడొద్దు, బండి లేనప్పుడు అవి వదులుగా ఉండొచ్చు. అవి ఊగుతున్నాయని టర్న్‌బకిల్ (రాడ్డుని బిగించే మర) పట్టుకుని బిగించేవాళ్లుంటారు. అతిగా బిగిస్తే పక్క ఏటవాలు కమ్మీల మీద లేని బరువు తెచ్చిపెట్టినట్టే.

1967 డిసెంబరు 15న వెస్ట్ వర్జీనియా, ఒహాయో మధ్య సిల్వర్ బ్రిడ్జి కూలి 46 మంది పోయారు. అది ట్రస్ కాదు, ఐబార్ల గొలుసుతో వేలాడే వంతెన. ప్రతి లంకెలో రెండే బార్లు. ఒక బారు కన్నం పక్కన చిన్న పగులు, కంటికి కనిపించే చోటు కాదు. ఒకటి తెగితే రెండోది ఆగలేదు. అమెరికాలో 20 అడుగులు దాటిన ప్రతి రోడ్డు వంతెననీ సాధారణంగా 24 నెలలకోసారి చూడాలనే నియమాలు దాని తర్వాతే, 1971లో వచ్చాయి. మీ వంతెన బాటమ్ కార్డ్ ఏ గడిలోనైనా బార్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకోండి. రెండే ఉంటే దాన్ని "ఒకటి తెగితే మొత్తం పోయే" వర్గంలో పెడతారు, దగ్గరగా చేతికందే దూరం నుంచి చూడాలి.

తుప్పు కాకుండా ఇంకో శత్రువు బండ్లు. ఈ కౌంటీలోనే, హామ్‌డెన్ దగ్గర, 1850ల చివర్లో కట్టిన ఫింక్ త్రూ ట్రస్ ఉండేది, అతి అరుదైన రకం. 1978లో ఒక కారు గుద్దడంతో కూలిపోయింది. 2013 మేలో వాషింగ్టన్ రాష్ట్రంలో స్కాజిట్ నది మీద హైవే ట్రస్ స్పాను కూడా అంతే, ఎత్తయిన లోడు పైకమ్మీలని కొట్టింది, స్పాను నీళ్లలో పడింది. ట్రస్‌లో ఏ కమ్మీ అలంకారం కాదు. కాబట్టి లోపలి పక్క గార్డ్‌రెయిలు ట్రస్‌కి బిగించకుండా దూలాలకి బిగించి ఉందా చూడండి. ఎంట్రెన్సులో ఎత్తు, వెడల్పు అడ్డు పట్టే ఫ్రేము ఖర్చు తక్కువ, లాభం ఎక్కువ. ఎందుకో చాలామంది కౌంటీ ఇంజినీర్లకి అది నచ్చదు.

బేరింగులు, అంటే ట్రస్ చివర్లు గోడ మీద ఆనే చోట్లు, కూడా ఓసారి చూడండి. ఒక చివర కదలాలి. 80 అడుగుల ఇనుము వంద ఫారెన్‌హీట్ డిగ్రీల తేడాకి 5/8 అంగుళం పెరుగుతుంది. రోలర్లు మట్టిలో కూరుకుపోయి తుప్పుతో పట్టేస్తే ఆ 5/8 అంగుళం ఎక్కడికీ పోలేక అబట్‌మెంటు (వంతెన చివర ఆనే ఒడ్డు గోడ) రాయిని నెడుతుంది. గోడ పైవరస రాళ్లలో పగుళ్లకి చాలాసార్లు ఇదే కారణం, వరదకి తప్పు అంటగడతారు.

మీరు మామూలు మనిషిగా చూడగలిగినవి: ఆకులు రాలాక, నీళ్లు తగ్గినప్పుడు, ఒడ్డు నుంచి జూమ్ కెమెరాతో. ట్రస్ ఎక్కొద్దు, కిందికి దూరొద్దు. చివరి స్తంభం దగ్గర నిలబడి టాప్ కార్డ్ వెంట ఒక కన్ను మూసి చూడండి, పక్కకి విల్లులా వంగిందా తెలుస్తుంది. కారు వెళ్లేటప్పుడు వినండి: డబడబ అంటే వదులు పలకలు, మామూలే. లోహం లోహాన్ని కొట్టిన టంగుమనే శబ్దం ఒకే చోట నుంచి ప్రతిసారీ వస్తే ఆ కీలు ఫొటో తీయండి.

ఇక కాపాడుకోవడం. సంతకాలకంటే ముందు కాగితాలు తెప్పించుకోండి. న్యూజెర్సీలో ఓప్రా అనే సమాచార చట్టం కింద కౌంటీలో రికార్డుల బాధ్యత చూసే అధికారికి దరఖాస్తు పెడితే సాధారణంగా ఏడు పనిదినాల్లో జవాబివ్వాలి. అడగాల్సినవి రెండు: చివరి తనిఖీ నివేదిక, లోడ్ రేటింగ్ (వంతెన ఎంత బరువు మోయగలదనే) లెక్క. భద్రత పేరుతో కొన్ని పేజీలు ఆపొచ్చు, లోడ్ రేటింగ్ సారాంశం పేజీ ఇచ్చినా చాలు. జాతీయ వంతెన జాబితా డేటా ఎలాగూ బహిరంగమే. పాత కోడింగులో 58 డెక్ (బండ్లు నడిచే తలం), 59 ట్రస్, 60 పునాదుల రేటింగు, 0 నుంచి 9 దాకా, 4 అంతకంటే తక్కువైతే "పూర్" అంటారు. 37వ అంశం చారిత్రక విలువ: 1 అంటే జాతీయ రిజిస్టర్‌లో (చారిత్రక స్థలాల జాబితా) ఉంది, 2 అంటే అర్హత ఉంది, 5 అంటే లేదు. పత్రికల్లో "పూర్" అని చదివి కూలిపోతుందనుకుంటారు. పలకలు పుచ్చి డెక్ 4కి పడినా "పూరే". 59 ఎంత, 60 ఎంత అనేది విడిగా చూడాలి.

చట్టాలు ఎక్కడ పనిచేస్తాయో కూడా తెలియాలి. 1966 జాతీయ చారిత్రక పరిరక్షణ చట్టంలోని సెక్షన్ 106 ఫెడరల్ డబ్బో ఫెడరల్ అనుమతో ఉంటేనే వర్తిస్తుంది. అది కూల్చొద్దని ఆపదు, ఆలోచించి సంప్రదించి చేయమంటుంది. మీరు "కన్సల్టింగ్ పార్టీ"గా చేర్చమని రాతపూర్వకంగా అడగొచ్చు. అదే ఏడాది రవాణా శాఖ చట్టంలోని 4(ఎఫ్) ఇంకా గట్టిది: ఫెడరల్ రవాణా నిధులతో చారిత్రక వంతెనని తీసేయాలంటే సాధ్యమైన, వివేకవంతమైన వేరే దారి లేదని చూపించాలి. కౌంటీ సొంత డబ్బుతో కడితే ఈ రెండూ రాకపోవచ్చు. అప్పుడు పనికొచ్చేది రాష్ట్ర రిజిస్టర్ చట్టం (1970): వంతెన న్యూజెర్సీ రిజిస్టర్‌లో నమోదై ఉంటే కౌంటీ కూడా ముందుగా రాష్ట్ర పరిరక్షణ కార్యాలయం సమీక్షకి వెళ్లాలి. "అర్హత ఉంది" అన్నంతమాత్రాన ఇది వర్తించదు, నమోదై ఉండాలి. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. లాంబర్ట్‌విల్, ఫ్రెంచ్‌టౌన్ లాంటి డెలావేర్ నది వంతెనలు కౌంటీవి కావు, రెండు రాష్ట్రాల ఉమ్మడి కమిషన్‌వి, వాటికి కౌంటీ చుట్టూ తిరిగి లాభం లేదు.

ఎప్పుడు మాట్లాడాలంటే, ప్రత్యామ్నాయాలు పోల్చే దశలో. డ్రాయింగులు పూర్తయ్యాక జరిగే సభల్లో మీ మాట రికార్డుకి ఎక్కుతుంది, అంతే. ఫైరింజను సంగతికి జవాబు లేకుండా వెళ్లకండి. "మాకు అందంగా ఉంది" అంటే ఇంజినీరు మర్యాదగా తలూపుతాడు. "తారు తీసి, స్ట్రింగర్లు మార్చి, తేలిక డెక్ వేస్తే రేటింగ్ ఎంతకి పెరుగుతుందో లెక్క వేశారా" అని అడిగితే లెక్క వేయాల్సి వస్తుంది.

సాధారణంగా నాలుగు దారులు. తారు తీసి రిపేరు చేసి చిన్న బండ్లకి ఉంచడం. పక్కన కొత్తది కట్టి దీన్ని నడకదారి చేయడం. ట్రస్ మధ్య నుంచి కొత్త ఉక్కు దూలాలు దూర్చి బరువంతా వాటి మీద వేసి ట్రస్‌ని తన బరువు మాత్రమే మోసుకోనివ్వడం. విప్పి వేరే చోటికి తీసుకెళ్లడం. మూడోదాన్ని పరిరక్షణవాదులు "బొమ్మ ట్రస్" అని తిట్టుకుంటారు. ట్రస్ పనిచేయకపోతే ట్రస్ ఎందుకని వాళ్ల వాదన, సబబే. కానీ స్కూలు బస్సు వెళ్లి తీరాల్సిన దారిలో, పక్కన కొత్తది కట్టే జాగా లేని చోట, పూర్తిగా పోగొట్టుకోవడం కంటే నాకు అదే నయమనిపిస్తుంది.

నడకదారి అంటే బలం గురించి ఆలోచించక్కర్లేదనుకోవడం పెద్ద పొరపాటు. నడిచే వంతెనకి డిజైను బరువు చదరపు అడుగుకి 90 పౌండ్లు. మన నమూనా వంతెన నిండా జనం నిలబడితే 86,400 పౌండ్లు, 43 టన్నులు. ఎస్‌యూవీలు వరసగా పెట్టినా అంత రాదు. తారు తీసేశాక కూడా, తుప్పు పట్టిన బార్లలో చదరపు అంగుళానికి 17,200 అవుతుంది, 14,300 దాటినట్టే. పరిష్కారం సులువు: లోపల రెయిలింగు పెట్టి నడిచే వెడల్పు 8 అడుగులకి తగ్గిస్తే 13,900కి దిగుతుంది, పాసవుతుంది. ఊరి జాతర రోజున జనం ఎక్కేది అక్కడే కాబట్టి ఈ లెక్క వదలకూడదు.

విప్పి తీసుకెళ్లే పని బాగా తెలిసినవాళ్లు చేస్తే అద్భుతంగా ఉంటుంది. మిచిగన్‌లో కాల్హూన్ కౌంటీ ఇలా తెచ్చిన పాత ట్రస్సులతో ఒక పార్కే పెట్టింది. చెడేది చిన్న చిన్న పనుల్లో. ప్రతి కమ్మీకీ విప్పకముందే లోహపు బిళ్ల కట్టి నంబరు కొట్టాలి, రంగుతో రాస్తే బ్లాస్టింగులో (ఇసుకలాంటి రేణువులు ఊది పాత రంగు తీయడం) పోతుంది. పట్టేసిన పిన్నుని వేడి చేసి హైడ్రాలిక్ జాకీతో తోయాలి, సుత్తితో బాదితే చెవి వంగుతుంది. రివెట్ తలని గాలి ఉలితో తీయాలి, గ్యాస్ కట్టరుతో తీస్తే రంధ్రం పాడవుతుంది. వంగిన ఉక్కు కమ్మీని 1,200 ఫారెన్‌హీట్ దాటకుండా వేడి చేసి సరిచేయొచ్చు. పోత ఇనుము జోలికి వెల్డింగుతో వెళ్లకూడదు, పగుళ్లని లోహపు కుట్లతో కలిపే పద్ధతి ఉంది. ఐబార్ల మీద అదనపు రేకు వెల్డు చేసి బలపరచామని ఏ కాంట్రాక్టరైనా చెబితే ఆపించండి, వెల్డు అంచు దగ్గరే పగులు పుడుతుంది. కొత్త బారు చేయించడమే మేలు, కానీ రెండు పిన్ను రంధ్రాల మధ్య దూరం జంట బారుతో సరిగ్గా కలవాలి. 16 అడుగుల బారులో 1/32 అంగుళం తేడా వచ్చినా రెండింటి మధ్య చదరపు అంగుళానికి 4,500 పౌండ్ల తేడా పడుతుంది. రివెట్ల బదులు గుండ్రటి తల బోల్టులు వాడితే ఎవరూ తప్పుపట్టరు. పాత రంగులో సీసం ఉంటుందనే అనుకుని, చుట్టూ గుడారం కట్టాకే బ్లాస్టింగ్ చేయాలి. టెండర్లలో ధర ఒక్కసారిగా పెరిగేది సాధారణంగా ఈ పద్దు దగ్గరే.

ఫెడరల్ నిధులతో చారిత్రక వంతెనని తీసేస్తే ముందుగా దాన్ని తీసుకుంటారా అని ఊళ్లకీ, సంస్థలకీ, బాధ్యత పడగలిగిన ప్రైవేటువాళ్లకీ ఆఫర్ చేయాలనే నియమం ఉంది. కూల్చడానికి అయ్యే అంచనా ఖర్చుని బట్టి కొంత సొమ్ము తీసుకునేవాళ్లకి దక్కొచ్చు. ఉచితంగా వస్తోంది కదా అని ముందుకొస్తే, నిర్వహణా, ప్రమాద బాధ్యతా కూడా రాసిస్తారని గుర్తుంచుకోండి.

మీ చేతికి లోడ్ రేటింగ్ పేజీ వచ్చాక "నిర్ణయించే కమ్మీ" అనే గడి చూడండి. అక్కడ స్ట్రింగర్ అనో డెక్ అనో ఉంటే ట్రస్ బాగానే ఉన్నట్టు, రిపేరు చౌక, ధైర్యంగా సంతకం పెట్టండి. అడ్డ దూలం అంటే మార్చగలిగినదే, పని కాస్త పెద్దది. హ్యాంగర్ లేదా బాటమ్ కార్డ్ అని ఉంటే, తారు ఎంత మందం అని లెక్కలో తీసుకున్నారో, పట్టు బలం 26,000 అనుకున్నారా లేక ముక్క కోసి పరీక్షించారా అని అడగండి. అబట్‌మెంటు అనో, పునాది కింద వాగు మట్టి కోసుకుపోయిందనో ఉంటే కథ వేరు, అప్పుడు ట్రస్‌ని వేరే చోటికి మార్చడం గురించే మాట్లాడుకోవాలి.